బొప్పాయి పాలు - పరాన్నజీవి ఆకలి

వండబోయే మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి కొంతసేపు ఉంచితే అది త్వరగా మెత్తబడుతుంది. హైదరాబాదు కచ్చీ బిర్యానీ వండేవారికి ఈ కిటుకు బాగా తెలుసు. పండిన బొప్పాయికి మాత్రం ఈ శక్తి అంతగా ఉండదు. పచ్చికాయకు గాటు పెట్టినప్పుడు కారే తెల్లని పాలలోనే ఆ రహస్యం దాగి ఉన్నది. కాయ పండే కొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి.

ఆ పాలలోని ముఖ్యపదార్థానికి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వూర్ట్జ్, తన సహచరునితో కలిసి 1879లో 'పపైన్' అని పేరు పెట్టాడు. అది ఒక ఎంజైము. మాంసకృత్తులను ఖండించే ప్రోటీనేజుల జాతికి చెందినది. మాంసకృత్తి అనేది అమైనో ఆమ్లాలనే పూసలను గుచ్చిన దండ వంటిది. పపైన్ ఇతర దండలను తెంపుతుంది. విచిత్రమేమంటే పపైన్ కూడా 212 పూసల దండయే! అందులో 25వ పూస పేరు సిస్టీన్. దానిలో గంధక పరమాణువు ఒకటి ఉంటుంది. దండ చుట్టలు చుట్టుకొన్నప్పుడు 159వ పూస అయిన హిస్టిడిన్ దాని చెంతకు చేరి, ఆ గంధకాన్ని చురుకుగా పనిచేయిస్తుంది. కత్తికి పదును అక్కడే ఉన్నది. ఈ విధంగా సిస్టీన్ ఆధారంగా పనిచేసే వాటినన్నింటినీ సిస్టీన్ ప్రోటీనేజులంటారు. అనాసలోని బ్రొమెలైన్, అత్తి జాతి చెట్ల పాలలోని ఫిసిన్ కూడా ఈ కుటుంబంలోనివే.

చెట్టుకు ఈ కత్తి ఎందుకు? మనిషి వంటకోసం కాదు గదా! 2004లో జపాను శాస్త్రవేత్తలు దీనికి స్పష్టమైన సమాధానం చూపారు. బొప్పాయి ఆకులు తిన్న గొంగళిపురుగులు ఎదగలేకపోయాయి, కొన్ని చనిపోయాయి. ఆకులను సన్నగా తరిగి పాలు కడిగివేసినప్పుడు, లేదా సిస్టీన్ ప్రోటీనేజులను స్తంభింపజేసే రసాయనాన్ని పూసినప్పుడు అవే ఆకులు పురుగులకు నిరపాయమైన ఆహారమైనాయి. ఈ పరీక్షకు గురైన వాటిలో మన రైతులకు చిరకాల శత్రువైన పొగాకు లద్దెపురుగు కూడా ఉన్నది. చెట్టు తన కత్తిని నిత్యం దూసి ఉంచదు. ఎంజైములో అదనంగా ఉండే ఒక భాగం ఒరవలె దాని పదునును కప్పి ఉంచుతుంది. గాయమై పాలు బయటికి పొంగిన కొద్ది నిమిషాలలోనే ఆ ఒర తొలగిపోతుంది.

ఇటువంటి కత్తియే మానవుని శత్రువుల చేతిలోనూ ఉండడం గమనించదగినది. 'పరాన్నజీవి' అన్న పదాన్ని పర, అన్న, జీవి అని విడదీస్తే ఇతరుల అన్నంపై బ్రతికేది అని అర్థం. మలేరియా పరాన్నజీవి విషయంలో ఈ అర్థం చాలదు. అది ఇతరుల అన్నాన్ని గాక, వారి రక్తాన్నే అన్నంగా చేసుకొంటుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో కనుగొన్నది ఈ జీవినే. ప్లాస్మోడియం ఫాల్సిపారం ఎర్ర రక్తకణంలో చేరి, సుమారు 48 గంటలలో అందులోని హిమోగ్లోబిన్‌ను సగానికి పైగా భక్షిస్తుంది. ఆ మాంసకృత్తిని ముక్కలు చేయడంలో ఫాల్సిపైన్ అనే సిస్టీన్ ప్రోటీనేజుది ప్రధాన పాత్ర. ఆ ఎంజైమును ప్రయోగశాలలో నిరోధించినప్పుడు పరాన్నజీవి ఆహారకోశం జీర్ణం కాని హిమోగ్లోబిన్‌తో ఉబ్బిపోయింది. చుట్టూ అన్నం ఉన్నా అరిగించుకొనే శక్తి లేకపోయింది.

అమీబిక్ జిగట విరేచనాలు కలిగించే ఎంటమీబా హిస్టోలిటికా పేరులోనే కణజాలాన్ని కరిగించేదన్న అర్థం ఉన్నది. పెద్దప్రేగు గోడను కొరికి లోపలికి దారి చేసుకోవడానికి దానికి ఈ ఎంజైములే ఆయుధాలు. కాలేయపు జలగలు వీటితో మన రక్షక ప్రతిదేహాలను సైతం తెంపగలవు. అలసందలను తొలిచే పెంకుపురుగు జీర్ణకోశంలోనూ ఇవి ఉన్నాయి. అందుకు విరుగుడుగా మొక్కలు కొన్ని అడ్డుపుల్లలను సిద్ధం చేసుకొన్నాయి. వరి గింజలో పపైన్‌ను పనిచేయనీయని 'ఒరైజాసిస్టాటిన్' అనే మాంసకృత్తిని 1987లో గుర్తించారు.

మరి ఫాల్సిపైన్‌కు అటువంటి అడ్డుపుల్లనే మందుగా ఇవ్వరాదా? చిక్కు ఇక్కడే ఉన్నది. ఈ కత్తి మానవదేహంలోనూ ఉన్నది. కెథెప్సిన్లు అనే మన సిస్టీన్ ప్రోటీనేజులు కణాలలోని పాత మాంసకృత్తులను తొలగిస్తాయి. ఎముకను ఎప్పటికప్పుడు సరిచేయడానికి తోడ్పడతాయి. ఎముకలు పలచబడే వ్యాధికి కెథెప్సిన్ కె అనే దానిని నిరోధించే ఒడానకాటిబ్ అనే మందు తయారైంది. ఎముక విరుగుళ్లు తగ్గినప్పటికీ పక్షవాతపు ముప్పు పెరుగుతున్నట్లు తేలడంతో 2016లో దానిని విరమించవలసి వచ్చింది. కాబట్టి పరాన్నజీవి ఎంజైములో మాత్రమే ఇమిడి, మన ఎంజైములలో ఇమడని అణువు కావాలి. ఫాల్సిపైన్‌ను లక్ష్యంగా చేసుకొన్న మలేరియా మందు ఇంతవరకు వాడుకలోకి రాలేదు. రెండు ఎంజైముల గాడుల మధ్య ఉన్న స్వల్పమైన తేడాలను కొలిచి, వాటికి తగిన అణువులను రూపొందించే పరిశోధన కొనసాగుతున్నది.