సిరిమాను మూడుసార్లు తిరిగితే సెట్టింగ్ ఒక్కటేనా? పేస్ట్ యాట్రిబ్యూట్స్ పాఠం



ఊళ్లో పండగని ఫోన్‌లో తీసి, సొంతంగా ఎడిట్ చేసుకునే వాళ్ల కోసం ఈ పాఠం. ఒక క్లిప్‌కి పెట్టిన సెట్టింగ్స్‌ని మిగతా క్లిప్పులకి ఎలా కాపీ చేయాలి, ఏవి కాపీ చేయకూడదు అనేది ఈరోజు విషయం. ఉదాహరణకి విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్నే తీసుకుందాం.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, మధ్యాహ్నం దాటాక సంబరం మొదలవుతుంది. సిరిమాను చివర పూజారి కూర్చుంటారు. మూడు లాంతర్ల దగ్గరున్న గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. మొదటిసారికి ఎండ ఉంటుంది, చివరిసారికి పొద్దు వాలుతుంది. అంటే ఒకే ఊరేగింపు, కానీ వెలుగులు మాత్రం మూడు.

పద్ధతి

ముందు ఒక్క క్లిప్‌ని తీరిగ్గా సరిచేయండి. దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ + సి కొట్టండి. తర్వాత ఆ సెట్టింగ్ కావాల్సిన క్లిప్పులన్నీ సెలెక్ట్ చేయండి. ప్రీమియర్ ప్రోలో కంట్రోల్ + ఆల్ట్ + వి, డావిన్చీ రిజాల్వ్ ఎడిట్ పేజీలో ఆల్ట్ + వి. అప్పుడు టిక్కులతో ఒక విండో వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే ఓకే కొట్టేస్తారు. అసలు పని అంతా ఆ టిక్కుల దగ్గరే ఉంది.

ఏ టిక్ ఉంచాలి, ఏది తీయాలి

*మోషన్:* ఫ్రేమ్‌లో క్లిప్ ఎక్కడుండాలి, ఎంత పెద్దగా ఉండాలి అనేవి ఇందులో ఉంటాయి. జనాన్ని దగ్గరగా చూపడానికి ఒక క్లిప్‌ని 130 శాతానికి పెంచారనుకోండి. అదే మాను క్లిప్ మీద పేస్ట్ చేస్తే మాను చివర ఫ్రేమ్ బయటికి పోతుంది. అక్కడున్నది పూజారి. భక్తులకి ఆయన రూపంలో దర్శనమిచ్చేది అమ్మవారే. సెలవు దొరక్క హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండిపోయిన మనవాళ్లు చూసేది ఆ ఒక్క క్షణం కోసమే. కాబట్టి మోషన్ టిక్ తీసేయండి, సైజు ఏ క్లిప్‌కి ఆ క్లిప్‌కే చూసుకోండి.

*కలర్:* ఒకే కెమెరా, ఒకే వెలుగు అయితే పేస్ట్ చేయొచ్చు. నీడలో ఉన్న ఘటాల కోసం పెంచిన ఎక్స్‌పోజర్‌ని ఆకాశం వెనకున్న సిరిమానుకి పేస్ట్ చేస్తే ఆకాశం తెల్లగా పేలిపోతుంది. పసుపు, కుంకుమ రంగులు కూడా పేస్ట్ చేశాక ఒకసారి చూసుకోండి. సాచురేషన్ ఎక్కువైతే పసుపు నారింజలా కనబడుతుంది.

*స్టెబిలైజర్:* ఇది ఫ్రేమ్ అంచుల్ని కోస్తుంది. పైగా మాను ఊగడం నిజమైన కదలిక, చేతి వణుకు కాదు. రెండింటికీ తేడా సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోవచ్చు. అవసరమైన క్లిప్‌కే విడిగా పెట్టండి.

*వాల్యూమ్:* డప్పుల పక్కన తీసిన క్లిప్‌కి తగ్గించిన సౌండ్‌ని మేడ మీంచి తీసిన క్లిప్‌కి ఇస్తే "జై పైడిమాంబ" అన్న కేక వినబడదు.

*కీఫ్రేములు:* ప్రీమియర్‌లో "స్కేల్ యాట్రిబ్యూట్ టైమ్స్" టిక్ ఉంటే, కొత్త క్లిప్ పొడవుకి తగ్గట్టు కీఫ్రేములు సాగుతాయి, కుంచించుకుంటాయి. నాలుగు సెకన్ల నెమ్మది జూమ్‌ని రెండు సెకన్ల క్లిప్‌కి ఇస్తే జూమ్ రెట్టింపు వేగంతో పరిగెడుతుంది.

ఇంకోటి. ప్రీమియర్‌లో ఒకే ఎఫెక్ట్‌ని రెండుసార్లు పేస్ట్ చేస్తే, పాతది పోకుండా దాని మీద రెండోది చేరుతుంది. రంగులు ఉన్నట్టుండి ముదిరిపోతే ముందు అదే చూడండి. రిమూవ్ యాట్రిబ్యూట్స్‌తో తీసేయొచ్చు.

కాపీయా, లింకా?

కోడింగ్ తెలిసిన వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పేస్ట్ చేసింది విడి కాపీ. తర్వాత మొదటి క్లిప్‌లో మార్చినా మిగతావి మారవు. ఒకచోట మారిస్తే అన్నీ మారాలంటే అడ్జస్ట్‌మెంట్ లేయర్ వాడాలి. రిజాల్వ్‌లో దాన్నే అడ్జస్ట్‌మెంట్ క్లిప్ అంటారు. దాన్ని పైన ట్రాక్‌లో పెడితే కింద ఉన్న క్లిప్పులన్నింటికీ ఆ రంగు వస్తుంది.

సిరిమానుకి నేను చెప్పే పద్ధతి ఇది. మొదటిసారి, రెండోసారి, మూడోసారి తిరిగిన క్లిప్పుల్ని వేరు చేసి, ఒక్కో దానికి ఒక్కో అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టండి. కెమెరాల మధ్య తేడా ఉంటే, ఆ చిన్న సవరణ మాత్రం పేస్ట్ యాట్రిబ్యూట్స్‌తో చేయండి. అప్పుడు ఎండ ఎండలాగే ఉంటుంది, సాయంత్రం సాయంత్రంలాగే ఉంటుంది. అన్నింటికీ ఒకే బంగారు రంగు పూస్తే చూడ్డానికి బాగానే ఉండొచ్చు. కానీ పొద్దు వాలేదాకా రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూసిన జనం భక్తి అందులో కనబడదు.

ఎక్స్‌పోర్ట్ కొట్టే ముందు మూడు చూడండి: మాను చివర ఫ్రేమ్‌లో ఉందా, పసుపు పసుపులా ఉందా, కేక వినబడుతోందా. మూడూ ఉంటే మీ వీడియో దర్శనానికి సిద్ధం.

అమ్మవారి చల్లని చూపు అందరి మీదా ఉండాలి. వచ్చే పాఠంలో కలుద్దాం.