సుంకపు చౌకీ – వంతెన – పట్టిక

శ్రీకాకుళము పట్టణములో నాగావళి వంతెనపై నడచిపోవువాడు నేడు ఎవరికిని పైకము చెల్లింపనక్కరలేదు. అచటినుండి వాహనములో జాతీయ రహదారిపై ఉత్తరముగా సాగి, వంశధార వంతెనకు చేరువనున్న మడపాము చేరినవాడు మాత్రము టోలు గేటు వద్ద సుంకము చెల్లించియే ముందుకు పోవలెను. ఒక నదిని ఊరక దాటుచున్నాము. మరియొక నది చెంత రుసుము చెల్లించుచున్నాము. బాటపై సుంకము తీసికొనుట ఎప్పుడు న్యాయము, ఎప్పుడు అన్యాయము? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్రనుండియే సమాధానము వెదకుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా 'రహదారి' అను మాటనే పరిశీలింతము. ఇందలి 'దారి' మన తెలుగు దారియేనని తోచును గాని, ఇది పారసీక పదము. 'రాహ్' అనగా బాట. 'దారీ' అనగా నిర్వహణ, కాపుదల. బాటను కాపాడినందుకు బాటసారినుండి తీసికొను సుంకమునకు 'రాహ్‌దారీ' యని పేరు. కాలక్రమమున సుంకము పేరే బాటకు పేరైనది. 'వసూలు', 'ఇజారా' అను మాటలును ఇట్లే ఉర్దూ పారసీకముల ద్వారా మనకు వచ్చి, తెలుగువారి నోట తెలుగై పోయినవి. చౌకీలు శిథిలమైనను పదములు శిథిలము కాలేదు.

'రాహ్‌దారీ' పదములోనే ఒక ఒడంబడిక దాగియున్నది. ఇచ్చువాడు పైకము ఇయ్యవలెను. పుచ్చుకొనువాడు బాటను కాపాడవలెను. రెండవ సగము మరచినచో మొదటి సగము దోపిడి యగును. మొగలు చక్రవర్తి ఔరంగజేబు రాజ్యమునకు వచ్చిన తొలినాళ్ళలోనే రాహ్‌దారీని రద్దు చేసెను. కాని దూరప్రాంతములందలి అధికారులును జమీందారులును ఆ ఆజ్ఞను లెక్కచేయలేదని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాసియున్నాడు. ఆజ్ఞ ఢిల్లీలో వెలువడును. చౌకీ మాత్రము పల్లెబాటపై నిలిచియుండును.

మన శ్రీకాకుళము కుతుబ్ షాహీల కాలమున ఫౌజ్‌దారునకు నివాసము. ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికిని ఆ కాలమును గుర్తు చేయుచున్నది. ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన పిమ్మట, 1802 నాటి శాశ్వత పైసలా నిబంధన ప్రకారము ఉప్పు, సారా మొదలగువాటితోపాటు 'సాయరు' అనబడు సరకుల సుంకమును జమీందారులకు విడువక ప్రభుత్వము తనకే ఉంచుకొన్నది. సుంకము పుచ్చుకొను చేయి మారినది గాని సుంకము పోలేదు.

ఆ సుంకముల భారము ఎట్టిదో బెంగాలు రాష్ట్రమును గూర్చి ట్రెవెల్యన్ 1835లో వెలువరించిన నివేదిక వలన తెలియుచున్నది. దూదికి నూటికి 5, ఆ దూది నూలైనచో 7½, నూలు బట్టయైనచో 2½, బట్టకు రంగు వేసినచో మరల 2½ వంతున మొత్తము నూటికి 17½ చెల్లింపవలసి యుండెను. సన్నబట్టలకు పేరుగాంచిన శ్రీకాకుళము, పొందూరు వంటి చోట్ల పుట్టిన మనకు ఆ లెక్క నేతగాని వీపుపై ఎంత బరువో వేరుగా చెప్పనక్కరలేదు. మద్రాసు రాజధానిలో ఇట్టి లోనాటి సుంకములు 1844 నాటి 6వ చట్టముతో రద్దయినవి.

అటుపై ఏడేండ్లకు, 1851లో, 8వ చట్టముగా టోలు చట్టము వచ్చినది. ఇది సరకుపై సుంకము కాదు. ప్రభుత్వ వ్యయముతో వేసిన రోడ్డును, కట్టిన వంతెనను వాడుకొన్నందుకు రుసుము. ఈ రుసుమునకు ఆధారము లేకపోలేదు. వంతెన ఒకమారు కట్టినంతమాత్రమున శాశ్వతము కాదు. 1876 నాటి నాగావళి వరదలో శ్రీకాకుళపు వంతెన కొంతభాగము కొట్టుకొనిపోయినది. నది ఏటేట తన సుంకమును తాను తీసికొనుచునే యుండును!

ఆ చట్టములో మేము ముఖ్యముగా విద్యార్థుల దృష్టికి తేదలచినది ఒక చిన్న నియమము. ప్రతి టోలు గేటు చెంతను, అందరికి కనబడునట్లు, సుంకపు పట్టికను ఆంగ్లములోను, ఆ జిల్లా ప్రజల భాషలోను వ్రాసి నిలుపవలెను. సుంకము ఎగవేసినవానికి శిక్ష యెంతయో, అక్రమముగా వసూలు చేసినవానికి శిక్ష యెంతయో ఆ పట్టికకు జతపరుపవలెను. వసూలు హక్కును గుత్తకు ఇచ్చుటయు కలదు. గుత్తదారుడు అదనముగా రాబట్టిన ప్రతి అణా అతని లాభమే కావున ఈ పట్టికయే బండివానికి కవచము.

ఇంగ్లండులో సెవర్న్ నదిపై 1781లో తెరువబడిన ఇనుప వంతెన చెంత టోలు ఇల్లు నేటికిని భద్రముగా ఉన్నది. రాజకుటుంబమువారు సైతము సుంకము చెల్లింపవలెనని అచటి పట్టిక చాటుచున్నది. మన 1851 చట్టము మాత్రము నడకలోనున్న సైన్యమునకు, విధిలోనున్న పోలీసు అధికారులకు మినహాయింపు నిచ్చినది. పట్టికను చదివినచో ఆ రాజ్యము ఎవరిని సమానులుగా ఎంచినదో కూడ తెలియును.

మన రాష్ట్రమున స్థానిక సంస్థల టోలు 1931 నాటి మోటారు వాహనముల పన్ను చట్టముతో తొలగినది. జాతీయ రహదారులపై రుసుమునకు 2008 నాటి నియమములు ఆధారము. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి యైనందున పైకము బ్యాంకు ఖాతానుండి తనంతట తానే పోవుచున్నది. వేగము పెరిగినది, పట్టికవైపు చూచు కన్ను తగ్గినది. వారపు సంతలలో ఆశీలు వేలముపాట యిప్పటికిని మనము ఎరిగినదే. గంప దించిన ముసలమ్మ అడిగినంత ఇచ్చి ఊరకుండుట మనము చూచుచునే యున్నాము. 1851లో బండివానికి చదువు లేదు. పట్టిక యుండియు అతనికి లేనట్లే. నేడు మనకు చదువు కలదు.

విద్యార్థులారా! తెలుగు చదివినను, ఉర్దూ చదివినను, ఆ చదువు పరీక్ష గదితో ముగియరాదు. సంతలోగాని, రేవులోగాని, గేటు వద్దగాని పట్టిక యెదుట ఒక్క నిమిషము నిలువుడు. ఎంత, ఎందుకు, ఎవరికి అను మూడింటిని చదివి, చదువరాని ప్రక్కవానికి వినిపింపుడు. రాహ్‌దారీ అను మాటకు బాటను కాపాడుటయని గదా అర్థము! ఆ కాపుదలలో మన వంతు ఇదియే.