బోల్తా పడిన తెరచాప పడవను లేపడం ఎలా?



వేసవి సెలవుల్లో హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకోవడానికి మన బడి నుంచి వెళ్ళిన వాళ్ళలో నేనొకణ్ణి. తిరిగొచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే. "పడవ తిరగబడితే ఎట్లా రా?" పడవ ఎట్లా నడుస్తుందని ఒక్కరూ అడగలేదు! సరే, ఈసారి గోడపత్రికలో ఆ సంగతే రాస్తున్నాను.

మేము నేర్చుకున్న పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం దీన్ని తయారుచేశాడు. పొడవు 2.36 మీటర్లు. ఖాళీ పడవ బరువు 35 కిలోలు, అనగా మన స్టోర్ రూములోని 50 కిలోల బియ్యం బస్తా కన్నా తక్కువే. లోపల మూడు గాలి సంచులు కట్టి ఉంటాయి. నీళ్ళు నిండినా పడవ మునగకుండా చేసేవి అవే. మధ్యలో ఒక కన్నం గుండా నీళ్ళలోకి దించే బల్లచెక్కను డాగర్ బోర్డు అంటారు. గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా చూడటం దాని పని. బోల్తా పడినప్పుడు మాత్రం మనల్ని కాపాడేది అదే.

పడవ పక్కకు ఒరిగిపోయి తెరచాప నీళ్ళ మీద పడిందనుకోండి. మొదట చేయవలసింది ఈత కాదు, పడవను పట్టుకోవడం. మనలో చాలామందిమి వాగుల్లో, గోదావరిలో ఈదినవాళ్ళం. "ఒడ్డు దగ్గరే కదా, ఈదుకుంటూ పోతా" అనిపిస్తుంది. ఆ ఆలోచనే అన్నిటికన్నా ప్రమాదం. నీళ్ళ మీద దూరం తక్కువగా కనిపిస్తుంది, గాలికి అలలు ఎదురొస్తాయి, చేతులు అలసిపోతాయి. పైగా వెతికేవాళ్ళకు తేలే పడవ కనిపిస్తుంది గాని మనిషి తల కనిపించదు. లైఫ్ జాకెట్ కూడా బోల్తా పడ్డాక వేసుకునేది కాదు, ఎక్కేముందే బిగించుకోవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎంతోమంది చనిపోయారు. ఆ బోటును అక్టోబర్ 22న గాని పైకి తీయలేకపోయారు. అంత పెద్ద బోటును ఎవరూ చేత్తో లేపలేరు. ఈ చిన్న పడవను 30 కిలోల పిల్లవాడు కూడా లేపగలడు. అదెట్లాగో చూడండి.

తెరచాపను లాగి పట్టే తాడును ముందు వదులు చేయాలి. బిగించి ఉంచితే పడవ లేవగానే తెరచాప మళ్ళీ గాలి పట్టి ఇంకోసారి పడేస్తుంది. తరువాత పడవను వదలకుండా దాని అడుగు వైపుకు ఈదాలి. పడవ ముక్కు గాలి వచ్చే దిక్కుకు తిరిగితే మంచిది. డాగర్ బోర్డు పూర్తిగా బయటికి వచ్చి ఉండాలి. దాని చివర పట్టుకుని బరువంతా వేలాడేయాలి. గడ్డపారతో బండను లేపేటప్పుడు పొడుగు చివర పట్టుకుంటాం కదా, అదే బలభ్రామకం. పాఠంలో చదివినప్పుడు నాకు ఎక్కలేదు, నీళ్ళలో ఎక్కింది! వేలాడితే చాలకపోతే బోర్డు మీదికి ఎక్కాలి. అప్పుడు కాళ్ళు చివరన కాక పడవకు దగ్గరగా పెట్టాలి, లేకపోతే చెక్క విరుగుతుంది. పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలితే తెరచాపలోని నీరు కారిపోతూ మెల్లగా, చివర్లో ఒక్కసారిగా లేస్తుంది.

పడవ పూర్తిగా తలకిందులైనా పద్ధతి ఇదే, కాకపోతే ఎక్కువసేపు వాలి ఉండాలి. కొయ్య అడుగున బురదలో దిగబడితే మాత్రం బలవంతం చేయకుండా పడవ మీదే ఉండి చేతులు ఊపి పిలవాలి.

నాకు బాగా భయం వేసింది తెరచాప కింద ఉండిపోయినప్పుడు. గుడ్డ ముఖానికి అంటుకుంటుంది. పిడికిలితో దాన్ని పైకి నెడితే కొంచెం గాలి దొరుకుతుంది. ఊపిరి పీల్చుకుని, కుట్టు వెంబడి ఒకే దిక్కుకు చేతులు వేసుకుంటూ పోతే అంచు వస్తుంది. అటూ ఇటూ కొట్టుకుంటే రాదు.

పడవ లేచాక అందులో నిండా నీళ్ళుంటాయి. మెల్లగా ఎక్కి, మధ్యలో కూర్చుని తోడిపోయాలి. తోడే డబ్బా పడవకు తాడుతో కట్టి ఉందో లేదో బయలుదేరేముందే చూసుకోవాలి. కట్టకపోతే అది మనకంటే ముందే పోతుంది.

వార్డెన్ సార్ ఒప్పుకుంటే ఆదివారం నీళ్ళ తొట్టి దగ్గర చిన్న చెక్క పడవతో ఇదంతా చేసి చూపిస్తాను.

– 9వ తరగతి విద్యార్థి