టైటానియం అతుకులో బుడగలు ఎందుకు వస్తాయి?

రాజాం రోడ్ల పక్కన గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుల్లో వానాకాలం రాడ్లను ఎండబెట్టడం మీరు చూసే ఉంటారు. చెమ్మెక్కిన రాడ్‌తో వేసిన అతుకును గ్రైండింగ్ చేస్తే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు బయటపడతాయి. దీనినే పోరోసిటీ అంటారు. గేటుకైతే పుట్టీ పెట్టి రంగు వేసేస్తారు. ఉపగ్రహంలోని ఇంధన ట్యాంకుకు ఆ వీలు లేదు.

ఆ ట్యాంకులను ఎక్కువగా టైటానియం మిశ్రమలోహంతో చేస్తారు. టైటానియం మనకు మరీ దూరపుదేమీ కాదు. మన కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ దాని ముడి ఖనిజమే. 1973లో హైదరాబాదులో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) ఈ లోహాలను తయారుచేస్తోంది. అందరూ ఎక్కువగా వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన రకం. ఇది ఉక్కు కంటే 40 శాతానికి పైగా తేలిక.

ఇక అసలు సంగతి. బుడగలో ఉండేది ముఖ్యంగా హైడ్రోజన్. చెమ్మ నుండి, నూనె మరక నుండి, ఆఖరికి మన వేలిముద్ర నుండి కూడా అది వస్తుంది. టైటానియం సుమారు 1,668 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. ఆ వేడిలో అది నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన హైడ్రోజన్ కరిగిన లోహంలో కలిసిపోతుంది. లోహం గడ్డకట్టేటప్పుడు అంత వాయువును తనలో ఉంచుకోలేక పక్కనున్న ద్రవంలోకి నెడుతుంది. అక్కడ పోగుపడి బుడగ అవుతుంది.

బుడగ పుట్టడానికి చోటు కూడా కావాలి కదా! షియరింగ్ మిషన్‌తో కోసి అలాగే వదిలేసిన గరుకు అంచుల గీతల్లో గాలి, చెమ్మ దాక్కుంటాయి. రెండు ముక్కలను ఆనించగానే అవి లోపల చిక్కుకుపోతాయి. కాబట్టి పైపైన తుడిస్తే చాలదు, ఒకదానికొకటి ఆనే అంచులనే నునుపు చేసి శుభ్రపరచాలి.

బెల్లం పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ బుడగలు పైకి వచ్చి పగులుతాయి. గట్టిపడ్డాక లోపలివి లోపలే. ఇక్కడా అంతే. నెమ్మదిగా వెల్డింగ్ చేస్తే బుడగలు తేలిపోయే సమయం దొరుకుతుంది గాని, ఎక్కువ వేడి తగిలి లోహపు రేణువులు లావెక్కి అతుకు గట్టిదనం తగ్గుతుంది.

చాలామంది పొరపడేది రంగు దగ్గర. అతుకు వెండిలా మెరిస్తే ఆర్గాన్ వాయువు బాగా కాపాడిందని, నీలం లేదా బూడిదరంగుకు తిరిగితే గాలి తగిలిందని అర్థం. అంతమాత్రాన మెరిసే అతుకులో బుడగలు లేవనుకోకూడదు. అవి ఎక్స్‌రేలో కనిపిస్తాయి. ట్యాంకులో పీడనం పెరిగి తగ్గే ప్రతిసారీ ఆ బుడగ అంచున ఒత్తిడి పోగవుతుంది. పగులు మొదలయ్యేది అక్కడే.

ఐ.టి.ఐ. చేసి విశాఖ వైపు పనికి వెళ్ళే మన హాస్టల్ అన్నలకు ఇంకో మాట. ఫిల్లర్ వైరును కూడా అసిటోన్‌తో తుడవాలి, నూలు పోగులు రాలని గ్లౌజులు వేసుకోవాలి. రబ్బరు గొట్టంలోంచి చెమ్మ ఆర్గాన్‌లోకి దూరుతుంది కనుక తగిన ప్లాస్టిక్ గొట్టం మేలు. శూన్యంలో ఎలక్ట్రాన్ బీమ్‌తో అతికించినా, అంచుకు అంటిన వేలిముద్ర ముక్కతోపాటే లోపలికి వెళుతుంది.