అపహాస బుద్ధి – ఆత్మకు ముప్పు



సందేహించుట వేఱు, అపహసించుట వేఱు. సందేహించువాడు ప్రశ్న అడిగి జవాబు కొఱకు వేచియుండును. అపహాసకునికి జవాబుతో పనిలేదు. ఏ సత్కార్యమును చూచినను, దీని వెనుక ఎవరి లాభమో యున్నదని విచారింపకయే తీర్పు చెప్పును. ఈ బుద్ధి తెలివివలె కనబడును గనుకనే మిక్కిలి అపాయకరము. అపహాసకుల సరసన కూర్చుండనివానిని మొదటి కీర్తన ధన్యునిగా ఎంచుచున్నది.

యోహాను సువార్త మొదటి అధ్యాయములో నతనయేలు నజరేతును గూర్చి చులకనగా మాటలాడెను. ఫిలిప్పు అతనితో వాదింపక, వచ్చి చూడుమని పిలిచెను. నతనయేలు లేచి వెళ్లెను. అదే అతనిని రక్షించినది. ఋజువు కోరిన తోమాను సహితము ప్రభువు త్రోసివేయలేదు. చూచుటకు లేచువానికి నిరీక్షణ గలదు. కూర్చున్నచోటనే నవ్వువానికి ఏమియు కనబడదు.

మన తెలుగు సంఘ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో స్థాపించిన అమెరికన్ బాప్టిస్టు మిషనునకు ఏండ్ల తరబడి ఫలము స్వల్పము. 1853లో దానిని మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు చర్చించిరి. అయినను 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండపై ప్రార్థించిరి.

1876–78 నాటి కఱవులో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. కూటి కొఱకే మతము పుచ్చుకొందురను నింద అప్పుడును గలదు. ఆ నిందలోని ప్రశ్నను ఆయన తేలికగా కొట్టివేయలేదు. కఱవు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపివేసెను. సహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వివేకము పరీక్షించును, కాని తలుపు మూయదు. అపహాసము పరీక్షింపకయే తలుపు మూయును.

తోటల కూలీల సంతతివారమైన మనకు ఈ పాఠము మఱింత అవసరము. మన పూర్వులలో అనేకులు కంగాణీల మాటలకును, ఒడంబడిక కాగితములకును మోసపోయిరి. మోసపోయినవారికి అనుమానము సహజము. అది ఒకప్పుడు వారికి కవచము. అయితే కవచమును నిద్రలోను విప్పనివానికి అదే చెఱసాలయగును. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులే తమ సొంత కానుకలతో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపిరి. చెఱకు, తేయాకు తోటలలోని తెలుగు కూలీల నడుమ ఆయన సంఘములు స్థాపించెను. కూటి క్రైస్తవులని నవ్వబడిన సంఘమే ఇతరులకు బోధకుని పంపినది.

నేడు ఫ్రీమాంటులోని మన యిండ్లలో ఈ బుద్ధి భోజనపు బల్లయొద్దకే వచ్చి కూర్చున్నది. కానుకల లెక్కలను గూర్చియు, ప్రసంగీకుని గూర్చియు, క్రొత్తగా మాఱుమనస్సు పొందినవానిని గూర్చియు నవ్వుచు పలికెదము. పిల్లలు వినుచుందురు. లెక్క అడుగుట తప్పు కాదు. సభలో అడుగుడి, లెక్కను చూడుడి. సభలో అడుగక యింట నవ్వినచో, లోపము దిద్దబడదు సరికదా, పిల్లవాడు ప్రార్థనను కూడ నటనయని నేర్చుకొనును. వానికి మనము నేర్పినది వివేకము కాదు, ఒంటరితనము.

కనుక మూడు నియమములు పాటింపుడి. ఒకరి ఉద్దేశమును గూర్చి పలుకకముందు వారితోనే మాటలాడుడి. ఏ పనిని విమర్శింతురో ఆ పనిలో ఒక దినము పాలుపొందుడి. వారమునకు ఒకసారి పిల్లల యెదుట ఒకరి మేలును పేరుపెట్టి చెప్పుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. నతనయేలునకును అపహాసకునికిని భేదమేమి?
2. క్లౌ దొర బాప్తిస్మములు ఆపుట అపనమ్మకమా, వివేకమా?
3. ఈ వారము మీరు ఎవరిని చూడకయే తీర్పు తీర్చితిరి?

ప్రభువు మనకు చూచు కన్నులను, మెత్తని హృదయమును దయచేయును గాక.