పిల్లల రాత మారాలంటే టీచరూ కలం పట్టాలి

ఐర్లండ్‌లో టీచింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి రాగానే మన తెలుగు టీచర్లు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: ఏ కోర్సు చేస్తే మంచిది? కోర్సులకు కొదవ లేదు. 2023 సెప్టెంబరులో అంతకుముందున్న నాలుగు శిక్షణ సంస్థలను కలిపి ‘ఇజె’ ఏర్పాటు చేశారు. వెతికేటప్పుడు ఓ-ఐ-డి-ఇ అని కొట్టండి. జూలైలో ఎడ్యుకేషన్ సెంటర్లలో వేసవి కోర్సులుంటాయి. ప్రైమరీ టీచర్లకు వాటివల్ల తర్వాతి ఏడాది కొన్ని అదనపు సెలవులు కూడా వస్తాయి. చేయండి. కానీ పిల్లలకు రాయడం నేర్పాలన్నది మీ ఆలోచన అయితే, అసలు పని ఆ సర్టిఫికెట్ తర్వాతే మొదలవుతుంది.

ఇందుకు ఈ దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. డబ్లిన్ డ్రమ్‌కొండ్రాలోని సెయింట్ పాట్రిక్స్ కాలేజీలో పనిచేసిన ఎత్నా కెనెడీ, పేద పిల్లలు ఎక్కువగా చదివే ఒక నగర బడిని ఎంచుకుని, టీచర్లను ఎక్కడికో పిలిపించకుండా తానే బడికి వెళ్లి రెండేళ్లు వాళ్లతో కలిసి పనిచేశారు. పిల్లలు ఏం రాయాలో వాళ్లే ఎంచుకునేవారు. టీచర్ ముందు చిన్న పాఠం చెప్పి, తర్వాత ఒక్కొక్కరి పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఆ బడిలో పిల్లల చదువూ రాతా మెరుగుపడ్డాయి. ఆ వివరాలు 2010లో అచ్చయ్యాయి. ‘రైట్ టు రీడ్’ (రైట్ అంటే ఇక్కడ రాయడం) పేరుతో ఆ పద్ధతి తర్వాత మరికొన్ని బడులకూ వెళ్లింది. శిక్షణ బడిలోనే, ఆ పిల్లల కాగితాల మీదే జరగడమే ఇందులో కీలకమని నాకనిపిస్తుంది.

ఆ పక్కన కూర్చోవడం దగ్గరే మన అలవాట్లు అడ్డొస్తాయి. ‘శనివారం గ్రానీ ఇంటికెళ్లాం. బాగుంది’ అని ఓ పిల్ల రాసిందనుకోండి. ఎర్రపెన్ను తీసి స్పెల్లింగులు దిద్ది, ‘ఇంకా వివరంగా రాయి’ అని కింద గీకితే ఆ పిల్లకు దొరికిందేమీ లేదు. ‘ఏం బాగుంది? గ్రానీ ఏం చేస్తుండగా నువ్వు లోపలికెళ్లావు?’ అని అడగండి. నోటితో చెప్పిన జవాబునే రెండో వాక్యంగా రాయమనండి. స్పెల్లింగ్ మరో రోజు చూసుకోవచ్చు. అప్పుడప్పుడూ మీరే బోర్డు మీద ఒక పేరా రాసి, కొట్టేసి, మళ్లీ రాసి చూపించండి. టీచరూ తడబడతారని పిల్లలకు తెలియాలి.

సెకండరీలో అయితే ఇంతకన్నా మంచి అవకాశం ఊరికే దొరుకుతుంది. జూనియర్ సైకిల్ ఇంగ్లిష్‌లో విద్యార్థి రాసిన రచనల సేకరణ ఒక మదింపు. దానికోసం టీచర్లంతా కూర్చుని పిల్లల రచనలు చదివి, నాణ్యతను చర్చించే సమావేశం ఉంటుంది. ‘స్లార్’ అంటారు. ఫుల్‌టైమ్ టీచరుకు ఇలాంటి పనులకు ఏడాదికి 22 గంటలు కేటాయించారు. చాలామంది ఆ సమావేశాన్ని మార్కులు తేల్చే తతంగంలా గడిపేస్తారు. మీరు మాత్రం మీకు అర్థం కాని కాగితమే పట్టుకెళ్లండి. లోపాలు ఎంచే ముందు, ఈ పిల్లవాడికి చేతనైందేమిటని అడగండి.

అడగడమంటే మనవాళ్లకు మొహమాటం, తెలియదనుకుంటారేమోనని భయం. ఇక్కడ ప్రిన్సిపల్‌నే పేరు పెట్టి పిలుస్తారు, అడిగినవాళ్లను తక్కువగా చూడరు. టీచింగ్ కౌన్సిల్ 2016లో తెచ్చిన ‘కొసాన్’ అనే టీచర్ల అభ్యసన చట్రం కూడా గంటల లెక్క పెట్టదు. తోటి టీచరుతో కలిసి నేర్చుకోవడాన్నీ నేర్చుకోవడంగానే గుర్తిస్తుంది.

సబ్‌స్టిట్యూట్‌గా తిరిగేవాళ్లకు ఈ సమావేశాలు అందడం కష్టమే. అయినా నాలుగు వారాలకు మించి ఒకే బడిలో ఉంటే, రాత బాగా నేర్పిస్తారని పేరున్న టీచరు క్లాసులో ఓ పీరియడ్ కూర్చుంటానని ప్రిన్సిపల్‌కు ఈ వారమే మెయిల్ పెట్టండి.