గాలికి నిలిచే గుడారం

పిల్లలూ, బదిలీ అయిన ప్రతిచోటా ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోక తప్పదు. లేహ్‌లో మేము నేర్చుకున్నది గాలి గురించి. అక్కడ పొద్దున్నే ఆకు కూడా కదలదు. మధ్యాహ్నం దాటితే చాలు, లోయలోంచి గాలి లేస్తుంది.

తెలుగు పాఠాలతో పాటు స్కౌట్ల బాధ్యత కూడా మాదే. క్యాంపుకు పన్నెండు మంది పట్టే ఒకే పెద్ద గుడారం ఎంచుకున్నాం. లోపల నిలబడొచ్చు, రాత్రి పిల్లల లెక్క చూసుకోవడం సులువు అనుకున్నాం. సాయంత్రం నాలుగింటికి దాని నిలువు గోడ తెరచాపలా ఉబ్బింది, గొట్టం ఒకటి విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ చలిలో పిల్లలు తెల్లవార్లూ బస్సులోనే కూర్చున్నారు. గాలిని తిట్టుకుని లాభం లేదు, ఎంచుకున్నది మేమే.

గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలికి హాయిగా నిలిచిన గుడారం, 40 కిలోమీటర్ల గాలి వీస్తే నాలుగింతల తోపును తట్టుకోవాలి. పైగా నేల దగ్గర గాలి నెమ్మది, పైకి పోయేకొద్దీ జోరు. మేము ముచ్చటపడ్డ ఆ ఎత్తే గాలికి పట్టు దొరికిన చోటు.

లద్దాఖ్‌లో చాంగ్‌పా పశుపోషకులు జడలబర్రె వెంట్రుకలతో నేసిన గుడారాన్ని రెబో అంటారు. అది నేలబారుగా ఉంటుంది, నలువైపులా తాళ్లు లాగి కట్టి ఉంటాయి. దాన్ని ముందే శ్రద్ధగా చూసి ఉంటే మాకు ఆ రాత్రి తప్పేది.

కాబట్టి గాలి ఉన్నచోట ఒక పెద్దదాని బదులు పొట్టిగా, గుండ్రంగా ఉండే చిన్నవి కొన్ని తీసుకోవడం మేలు. నలుగురికని రాసి ఉన్నదానిలో సంచులతో సహా ముగ్గురే పడతారు, ఆ లెక్కన పన్నెండు మందికి నాలుగు కావాలి. కొనేముందు దుకాణంలోనే ఒకసారి వేయించి చూడండి. కడ్డీలు ఒకదాన్నొకటి ఎక్కువ చోట్ల దాటితే బలం. అల్యూమినియం కడ్డీ వంగితే కాస్త సరిచేసుకోవచ్చు, ఫైబర్‌గ్లాస్‌ది చీలిపోతుంది. పైగుడ్డ నేల దాకా రావాలి. తాళ్లు కట్టే ఉంగరాలు అడుగునే కాదు, గోడ నడుమ కూడా ఉండాలి. కూడా ఇచ్చే సన్నని మేకులను మాత్రం నమ్మకండి. ఇసుకలో అవి ఊడి వచ్చేస్తాయి. అలాంటిచోట తాడును బరువైన రాయికి కట్టాలి, లేదా ఇసుక నింపిన సంచికి కట్టి పాతిపెట్టాలి. మేకు దిగే నేలైతే దాని తల గుడారానికి ఎడంగా వాలేలా కొట్టాలి.

మరుసటి క్యాంపులో గాలి లేవకముందే, పొద్దున్నే నాలుగు చిన్న గుడారాలు వేశాం. తలుపులు గాలికి పెడమొహంగా పెట్టాం. రాత్రి లెక్క చూడటానికి టార్చి పట్టుకుని నాలుగుచోట్లా తిరగాల్సి వచ్చింది. నాలుగోదాని దగ్గరికి వెళ్లేసరికి లోపల ఎవరో అప్పటికే గురక పెడుతున్నారు.